రాక్ అండ్ రోల్‌కు పట్టాలు పరిచిన రోజెట్టా

గిటారు నేర్చుకుంటున్న మన బడి పిల్లలను రాక్ అండ్ రోల్ ఎవరు మొదలుపెట్టారని అడిగితే ముందుగా వచ్చే పేరు ఎల్విస్ ప్రెస్లీ. ఇంకాస్త తెలిసినవాళ్లు చక్ బెర్రీ అంటారు, లిటిల్ రిచర్డ్ అంటారు. ముగ్గురూ గొప్పవాళ్లే. అయితే ఈ ముగ్గురూ ఇంకా పసివాళ్లుగా ఉన్న 1938లోనే ఒక నల్లజాతి స్త్రీ గిటారు భుజాన తగిలించుకుని, ఆ తర్వాత లోకమంతా రాక్ అండ్ రోల్ అని పిలిచిన ఊపుతో పాడి రికార్డు చేసింది. ఆమె పేరు సిస్టర్ రోజెట్టా థార్ప్. చనిపోయాక ముప్ఫై అయిదేళ్ల పాటు ఆమె సమాధి మీద ఆ పేరు చెక్కిన రాయి కూడా లేదు.

మేము తెలుగు చెప్పుకునేవాళ్లం. పాశ్చాత్య సంగీతం మా పాఠ్యాంశం కాదు. అయినా ఈ సంచికలో ఆమె కథ చెప్పాలని అనుకున్నాం. బదిలీల మీద బదిలీలుగా ఎన్నో ఊళ్లు తిరిగి బిలాస్‌పూర్ చేరినవాళ్లం మేము. మా తరగతిలో కూర్చున్న పిల్లల్లో చాలామంది కూడా అంతే. ఈ ఊరు రైలును నమ్ముకున్న ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఇక్కడ పట్టాలే బతుకుతెరువు. ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. రోజెట్టా జీవితం కూడా చక్రాల మీదనే గడిచింది. ఆమె పాడిన పేరున్న పాటల్లో ఒకటి రైలు పాట. ఆమె కచేరీల్లో ఈనాటి పిల్లలు తెర మీద ఎక్కువగా చూసేది ఒక రైల్వే ప్లాట్‌ఫారం మీద జరిగిన కచేరీ. అందుకే ఈ కథ మన ఊరికి దూరపు కథ అనిపించలేదు.

ముందు ఒక మాట, రాక్ అండ్ రోల్ అంటే ఏమిటో

రాక్ అంటే ఊగడం, రోల్ అంటే దొర్లడం. ఈ జంట మాట పాతదే అయినా, ఒక సంగీతానికి పేరుగా స్థిరపడింది 1950ల మొదట్లో. క్లీవ్‌లాండ్ నగరంలో అలన్ ఫ్రీడ్ అనే రేడియో వ్యాఖ్యాత తన కార్యక్రమం ద్వారా ఆ మాటను ఇంటింటికీ చేర్చాడు. పేరు అప్పుడు వచ్చింది కానీ సరుకు అంతకు ముందే తయారైంది. నల్లజాతి శ్రామికుల బ్లూస్, వారి చర్చిలలోని గాస్పెల్ కీర్తనలు, పియానో మీద ఎడమ చేత్తో పరుగెత్తించే బూగీవూగీ, తెల్లజాతి పల్లెల కంట్రీ పాటలు, ఇన్ని పాయలు కలిస్తే ఆ నది అయింది.

ఆ ఊపు ఎక్కడుందో పిల్లలు చేత్తో తెలుసుకోవచ్చు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని సమంగా లెక్కపెట్టండి. మామూలుగా మనకు ఒకటి మీద బరువు వేయడం అలవాటు. ఇప్పుడు ఒకటిని వదిలేసి రెండు మీదా, నాలుగు మీదా చప్పట్లు కొట్టండి. ఒళ్లు దానంతట అదే కదులుతుంది. నల్లవారి చర్చిలో జనం కొట్టే చప్పట్లు అవే. రోజెట్టా చెవిలో పుట్టినప్పటినుంచీ పడ్డ లెక్క అదే.

పత్తి చేల నడుమ

రోజెట్టా 1915 మార్చి 20న అమెరికా దక్షిణాదిన ఆర్కన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. ఊరి పేరులోనే పత్తి ఉంది. తల్లిదండ్రులు పత్తి చేలల్లో పనిచేసేవాళ్లు. అమెరికాలో బానిసత్వం చట్టప్రకారం రద్దయి అప్పటికి యాభై ఏళ్లు. అయినా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారికి బడి వేరు, బండిలో చోటు వేరు, మంచినీళ్ల కుళాయి వేరు.

తల్లి కేటీ బెల్ నుబిన్ మాండొలిన్ వాయించేది, పాడేది, చర్చిలో ప్రసంగించేది. ఆమె చేరిన చర్చ్ ఆఫ్ గాడ్ ఇన్ క్రైస్ట్ అనే శాఖలో ప్రార్థన అంటే నిశ్శబ్దంగా కూర్చోవడం కాదు. డోలు, తంబురీను, గిటారు అన్నీ లోపలికి రావచ్చు. జనం లేచి ఆడవచ్చు, పాడవచ్చు. ఆడవాళ్లు కూడా నిలబడి మాట్లాడవచ్చు. అలాంటి చోట పెరిగిన పిల్లకు నాలుగేళ్లకే గిటారు పట్టుబడింది. ఆరేళ్లు వచ్చేసరికి తల్లితో పాటు ఊరూరూ తిరుగుతూ సభల్లో పాడసాగింది. గిటారు వాయించే అద్భుత బాలిక అని ప్రచారం చేసేవారు. ఆ రోజుల్లో గిటారు పట్టిన ఆడవాళ్లే అరుదు. పసిపిల్ల పట్టిందంటే జనం మూగకుండా ఉంటారా?

1920ల మొదట్లో తల్లీ కూతుళ్లు ఉత్తరాదిన ఉన్న షికాగో నగరానికి చేరారు. అప్పట్లో దక్షిణాది నుంచి లక్షలాది నల్లజాతి కుటుంబాలు పని కోసం, కాస్త మర్యాద కోసం ఉత్తరాది నగరాలకు తరలిపోతున్నాయి. తమ వెంట పాటలనూ తీసుకుపోయాయి. షికాగోలో చర్చిలో కీర్తనలు, వీధిలో బ్లూస్, జాజ్. రోజెట్టా రెండూ విన్నది. కుడి చెవితో ఒకటి, ఎడమ చెవితో ఒకటి విన్నా, గిటారు మీదికి వచ్చేసరికి రెండూ ఒకటే అయ్యాయి. ఆమె సాధించిన విద్య అంతా ఈ కలయికలోనే ఉంది. ఆమె పడ్డ మాటలు కూడా దీని వల్లనే.

రెండు గడపల మధ్య

1934లో పందొమ్మిదేళ్ల వయసులో థామస్ థోర్ప్ అనే ప్రబోధకుడితో ఆమెకు పెళ్లయింది. ఆ కాపురం నిలవలేదు. ఇంటిపేరు మాత్రం కొంచెం మారి థార్ప్‌గా ఆమెతో ఉండిపోయింది. చర్చిలో తోటి స్త్రీని సిస్టర్ అని పిలవడం వారి అలవాటు, మనం అక్కా అన్నట్టు. అలా ఆమె సిస్టర్ రోజెట్టా థార్ప్ అయింది. 1938లో తల్లిని వెంటబెట్టుకుని న్యూయార్క్ చేరింది.

ఆ సంవత్సరం ఆమె జీవితానికి మలుపు. అక్టోబరులో కాటన్ క్లబ్ అనే పేరున్న వినోదశాలలో పాడే అవకాశం వచ్చింది. వేదిక మీద ఆడిపాడేవాళ్లంతా నల్లవాళ్లు, బల్లల ముందు కూర్చుని చూసేవాళ్లు తెల్లవాళ్లు, అదీ ఆ చోటు పద్ధతి. అక్టోబరు 31న డెక్కా కంపెనీ ఆమె చేత నాలుగు పాటలు రికార్డు చేయించింది. అందులో ఒకటి రాక్ మీ. తల్లి ఒడిలో బిడ్డ ఊగినట్టు భగవంతుడి ఒడిలో ఊగాలని కోరే భక్తి పాట అది. ఆ ఊగడంలో ఉన్న రెండో అర్థం, అంటే కాళ్లను కదిలించే ఊపు, వినేవాళ్లకు వెంటనే అందింది. డిసెంబరు 23న కార్నెగీ హాల్లో నల్లజాతి సంగీత చరిత్రను చూపించే ఒక పెద్ద కచేరీ జరిగితే అందులోనూ ఆమె పాడింది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు.

పేరు వచ్చినంత వేగంగానే నింద కూడా వచ్చింది. దేవుడి పాటను తాగి కూర్చునేవాళ్ల ముందు పాడతావా అని చర్చి పెద్దలు మండిపడ్డారు. చిన్నప్పటినుంచి తనను ఎత్తుకు పెంచిన సమాజమే ముఖం తిప్పుకుంది. మరోవైపు వినోదశాలలవాళ్లకు భక్తి పాటలు కాస్త తగ్గించి సరదా పాటలు పాడితే బాగుండును. 1941 నుంచి లక్కీ మిలిండర్ వాద్యబృందంతో తిరిగిన రోజుల్లో అలాంటి పాటలూ పాడింది. కొన్నేళ్లకు ఆ బృందాన్ని వదిలి మళ్లీ భక్తి పాటల వైపే వచ్చింది. కానీ వాయించే తీరు మాత్రం మార్చుకోలేదు. ఏ గడపలో నిలబడినా అవతలి గడప వాసన ఆమె పాటలో ఉండేది. పల్లెల్లో హరికథలు, జానపదాలు, సినిమా పాటలు ఒకే గొంతుతో పాడే కళాకారులను ఎరిగిన మనకు ఇది వింత కాదు. అప్పటి అమెరికా చర్చికి మాత్రం ఇది పెద్ద తప్పు.

వంత పాడిన గిటారు

రోజెట్టా గిటారులో అంత విశేషం ఏముంది? అంతకు ముందు చాలామందికి గిటారు పాట వెనుక శ్రుతి నిలిపే వాద్యం మాత్రమే. ఆమె చేతిలో అది రెండో గొంతు అయింది. బుర్రకథలో కథకుడు ఒక చరణం అంటే వంతలు అందుకుంటారు కదా, అలాగే ఆమె ఒక మాట పాడి ఆపగానే గిటారు ఒక్కొక్క తీగ మీద జవాబు చెప్పేది. ఆ తర్వాత రాక్ సంగీతంలో గిటారు సోలో అనేది పాటకు గుండెకాయ అయింది. దానికి దారి వేసినవాళ్లలో ఆమె ముందు వరుసలో ఉంది.

ఆమె విద్యుత్ గిటారు వైపు తొలినాళ్లలోనే మళ్లింది. పై తరగతి పిల్లలకు అందులోని సూత్రం భౌతికశాస్త్రంలో వస్తుంది. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ ఉంటాయి. ఉక్కు తీగ మీటితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, రాగి చుట్టలో చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది, దాన్ని యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. ఫారడే చెప్పిన ప్రేరణ సూత్రమే ఇది. దీని వల్ల ఒక్క మనిషి, ఒక్క వాద్యం, వేల మంది జనానికి వినబడగలిగాయి. ఆ శబ్దాన్ని కాస్త మొరటుగా, కాస్త గరగరగా పలికించడం కూడా ఆమెకు ఇష్టమే. రాక్ గిటారుకు ఆ గరుకుదనమే తర్వాత అందం అయింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సముద్రాల అవతల ఉన్న అమెరికా సైనికుల కోసం ప్రత్యేకంగా చేసిన రికార్డుల్లో ఆమె పాటలు ఉన్నాయి. 1944 సెప్టెంబరులో పియానో వాద్యకారుడు సామీ ప్రైస్‌తో కలిసి స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే అనే పాట రికార్డు చేసింది. పియానో మీద బూగీవూగీ పరుగు, దాని మీద ఆమె గిటారు, దాని మీద నవ్వుతూ దెప్పుతున్నట్టుండే గొంతు. 1945లో బిల్‌బోర్డ్ పత్రిక నల్లజాతి పాటలకు వేరుగా వేసే పట్టికలో ఆ పాట రెండో స్థానం దాకా వెళ్లింది. ఒక గాస్పెల్ పాట అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి. మొట్టమొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఇదేనని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. ఎల్విస్ మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో తన మొదటి పేరున్న పాట పాడింది 1954 జులైలో, అంటే దాదాపు పదేళ్ల తర్వాత.

రైలు పాట, బస్సు బతుకు

1939లో ఆమె రికార్డు చేసిన పాటల్లో దిస్ ట్రైన్ ఒకటి. స్వర్గానికి పోయే రైలును గురించిన పాత భక్తి పాట అది. ఆ రైలెక్కాలంటే నడవడి బాగుండాలి, అదే టికెట్టు. పాట వింటుంటే హుషారు పుడుతుంది కానీ దాని వెనుక ఒక బాధ ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో నిజమైన రైళ్లలో నల్లవారికి వేరే పెట్టె. తరచు అది ఇంజనుకు దగ్గరగా, పొగా మసీ కొట్టే చోట ఉండేది. టికెట్టు కొన్నా కూర్చోవలసింది అక్కడే. 1893లో దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్స్‌బర్గ్ స్టేషనులో మొదటి తరగతి టికెట్టు చేతిలో ఉన్న గాంధీజీని రైలు నుంచి దింపేసిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. అదే అవమానం అమెరికాలో రోజూ, లక్షల మందికి. కాబట్టి ఒంటి రంగు చూడకుండా గుణం మాత్రమే చూసే రైలును గురించి ఒక నల్లజాతి స్త్రీ గొంతెత్తి పాడితే, అది భక్తి పాటా అవుతుంది, అర్జీ కూడా అవుతుంది. ఆమె ఉపన్యాసాలు ఇవ్వలేదు. చప్పట్లతోనే ఆ మాట చెప్పింది.

పేరూ డబ్బూ వచ్చాక కూడా దక్షిణాదిలో ప్రయాణిస్తే ఆమెకు హోటల్లో గది దొరకదు, భోజనశాలలో బల్ల దొరకదు. రాత్రి వేల మంది ఆమె పాటకు ఊగుతారు, పాట అయ్యాక పట్టెడన్నం పెట్టే చోటు ఉండదు. అందుకని ఆమె బస్సులోనే ప్రయాణించి, అందులోనే పడుకునేది. 1940ల చివర జోర్డనేర్స్ అనే తెల్లజాతి గాయకబృందం ఆమెతో కలిసి తిరిగింది. నల్లజాతి గాయని ముందు, తెల్లవాళ్లు వెనుక నిలబడి పాడటం ఆ రోజుల్లో సాహసమే. భోజనశాలలోకి వాళ్లు వెళ్లగలరు, ఆమె వెళ్లలేదు. వాళ్లు లోపలికి పోయి ఆమె కోసం అన్నం కట్టించుకుని బస్సుకు తెచ్చి ఇచ్చేవారు. తర్వాతి కాలంలో ఎల్విస్ వెనుక పాడి పేరు పొందిన బృందం ఇదే.

1947లో జార్జియా రాష్ట్రం మేకన్ పట్టణంలో జరిగిన సంగతి రాక్ అండ్ రోల్ చరిత్రలో చెప్పుకోదగ్గది. ఆమె కచేరీ జరిగే మందిరంలో చల్లని పానీయాలు అమ్మే పద్నాలుగేళ్ల కుర్రాడొకడు కచేరీకి ముందు ఆమె పాటలనే ఆమె వినేలా పాడాడు. ఆమె కసిరి పొమ్మనలేదు. ఆ రాత్రి వేదిక మీదికి పిలిచి అందరి ముందూ పాడించింది, పాడినందుకు డబ్బు కూడా ఇచ్చింది. పాటకు డబ్బు వస్తుందని ఆ కుర్రాడికి తెలిసింది ఆ రోజే. అతనే లిటిల్ రిచర్డ్. ఎనిమిదేళ్ల తర్వాత అతని కేకలు లోకమంతా వినబడ్డాయి. బడిలో పనిచేసే మాకు ఈ ఘట్టం అంటే ఎక్కువ ఇష్టం. పిల్లవాడిలో ఉన్నది చూసి ఒక్క అవకాశం ఇవ్వడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు, పది నిమిషాల వేదిక చాలు.

ఆ ఏళ్లలోనే మేరీ నైట్ అనే గాయనితో కలిసి ఆమె పాడిన జంట పాటలు ఊరూరా మోగాయి. ఇద్దరు స్త్రీలు మగతోడు లేకుండా, తమ కచేరీలు తామే నడుపుకుంటూ దేశమంతా తిరగడం అప్పటికి కొత్త. 1951 జులై 3న వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ స్టేడియంలో రోజెట్టా పెళ్లి జరిగింది. తన మేనేజరు రస్సెల్ మారిసన్‌ను చేసుకుంది. ఆ పెళ్లికి టికెట్లు పెట్టి అమ్మారు. ఇరవై వేలకు పైగా జనం వచ్చారు. పెళ్లి దుస్తుల్లోనే గిటారు తగిలించుకుని ఆమె కచేరీ చేసింది, చివర బాణసంచా కాల్చారు. ఈనాడు స్టేడియాల్లో జరిగే రాక్ కచేరీల ఫొటోలు చూసేటప్పుడు ఈ పెళ్లిని గుర్తు చేసుకోవాలి.

వానలో ప్లాట్‌ఫారం మీద

తర్వాత కాలం తిరగబడింది. 1955 నాటికి చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, ఆ వెంటనే ఎల్విస్, రేడియోల నిండా యువకులే. వాళ్లు వాయించేది ఆమెకు కొత్తది కాదు. కానీ వినేవాళ్లు కొత్తవాళ్లు. వాళ్లకు నలభై ఏళ్ల చర్చి గాయని ఎవరో తెలియదు. అమెరికాలో ఆమెకు సభలు తగ్గాయి, రికార్డులు తగ్గాయి.

అప్పుడు సముద్రం అవతలి నుంచి పిలుపు వచ్చింది. 1957 చివర బ్రిటన్‌లో క్రిస్ బార్బర్ జాజ్ బృందంతో కలిసి ఆమె ఊరూరా పాడింది. అక్కడి యువకులు అమెరికా బ్లూస్ రికార్డుల కోసం వెతుక్కుంటున్న రోజులవి. 1964లో మళ్లీ వెళ్లింది, ఈసారి మడ్డీ వాటర్స్ వంటి బ్లూస్ దిగ్గజాలతో కలిసి. మే 7న మాంచెస్టర్‌లో గ్రనాడా టెలివిజన్‌వాళ్లు ఒక వింత ఏర్పాటు చేశారు. ప్రయాణికుల రైళ్లు ఆగిపోయి మూతపడ్డ విల్‌బ్రహామ్ రోడ్ అనే చిన్న స్టేషనును అమెరికా దక్షిణాది స్టేషనులా అలంకరించారు. ప్రేక్షకులను రైల్లో తీసుకొచ్చి ఒక ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టారు. ఎదుటి ప్లాట్‌ఫారం వేదిక. మధ్యలో పట్టాలు.

వాన మొదలైంది. రోజెట్టా గుర్రపు బండిలో వచ్చి దిగింది. నలభై తొమ్మిదేళ్ల మనిషి, మంచి కోటు, కాలికి ఎత్తు మడమల చెప్పులు, మెడలో తెల్లని విద్యుత్ గిటారు. వానను చూసి, నోవహు కాలంలో ముంచెత్తిన వానను గురించిన పాటనే అందుకుంది. తడిసిన ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడుస్తూ, నవ్వుతూ, తీగలను గలగలలాడించింది. అవతలి ప్లాట్‌ఫారం మీద బ్రిటిష్ కుర్రకారు చప్పట్లు కొట్టారు. ఆ దృశ్యం ఇప్పటికీ దొరుకుతుంది. పిల్లలు తప్పక చూడండి. బిలాస్‌పూర్ స్టేషనులో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఎదుటి ప్లాట్‌ఫారం మీద జనాన్ని రోజూ చూసే మనకు ఆ దూరం ఎంతో, మధ్యలో పట్టాలు దాటి పాట పోవాలంటే ఎంత గొంతు కావాలో చెప్పక్కర్లేదు.

రాయి లేని సమాధి

1960ల చివర తల్లి కేటీ బెల్ కన్నుమూసింది. 1970లో యూరప్ పర్యటనలో ఉండగా రోజెట్టాకు జబ్బు చేసింది. పక్షవాతం వచ్చింది. చక్కెర వ్యాధి ముదిరి ఒక కాలు తీసేశారు. అయినా కూర్చుని పాడింది. 1973 అక్టోబరు 9న ఫిలడెల్ఫియాలో యాభై ఎనిమిదేళ్ల వయసులో మరణించింది. మరోసారి రికార్డింగుకు ఏర్పాట్లు జరుగుతుండగానే ఆ కబురు వచ్చింది. నార్త్‌వుడ్ శ్మశానంలో పూడ్చారు. పైన రాయి పెట్టలేదు. ఇరవై వేల మందిని పెళ్లికి రప్పించిన మనిషి సమాధి ఎక్కడుందో తెలిసినవాళ్లు చెబితే తప్ప దొరకదు.

1986లో అమెరికాలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ తన మొదటి గౌరవ జాబితా ప్రకటించింది. కళాకారుల విభాగంలో పది ఎంపికలు. ఎల్విస్ ఉన్నాడు, చక్ బెర్రీ ఉన్నాడు, ఆమె వేదిక ఎక్కించిన లిటిల్ రిచర్డ్ ఉన్నాడు. అందులో ఒక్క స్త్రీ పేరు లేదు. పాడినవాళ్లు మాత్రం ఆమెను మరవలేదు. లిటిల్ రిచర్డ్, జానీ క్యాష్ వంటివాళ్లు ఆమె తమకు ఎంత ముఖ్యమో పలుమార్లు చెప్పుకున్నారు. చరిత్ర రాసినవాళ్లే ఆమెను పక్కన పెట్టారు. భక్తి పాటల పుస్తకం రాసేవాళ్లకు ఆమె మరీ రాక్, రాక్ పుస్తకం రాసేవాళ్లకు ఆమె మరీ భక్తి. పైగా స్త్రీ, పైగా నల్లజాతి. రెండు గడపల మధ్య నిలబడ్డ మనిషిని ఇంటివాళ్లు ఇద్దరూ తమ లెక్కలో వేసుకోలేదు.

1998లో అమెరికా తపాలా శాఖ గాస్పెల్ గాయనుల వరుసలో ఆమె బొమ్మతో బిళ్ల వేసింది. 2007లో గేల్ వాల్డ్ అనే ఆచార్యురాలు ఎంతో వెతికి ఆమె జీవితచరిత్ర రాసి ప్రచురించింది. దాంతో కదలిక వచ్చింది. 2008 జనవరి 11ను పెన్సిల్వేనియా రాష్ట్రం ఆమె పేరిట దినంగా ప్రకటించింది, అదే రోజు ఆమె సమాధికి రాయి కోసం ఒక కచేరీ జరిపారు. ఆ తర్వాత రాయి నిలబడింది. 2018లో హాల్ ఆఫ్ ఫేమ్ కూడా ఆమె పేరు చేర్చుకుంది. శిష్యుడు ఎక్కిన ముప్ఫై రెండేళ్లకు గురువు ఎక్కింది.

తెలుగువాళ్లకు ఇలాంటి కథ ఒకటి తెలుసు. త్యాగరాజస్వామి 1847లో తిరువయ్యారులో సిద్ధి పొందారు. కొన్ని దశాబ్దాలకు ఆయన సమాధి పాడుబడింది. 1920లలో దాన్ని బాగు చేయించి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె దేవదాసి కుటుంబంలో పుట్టిన గాయని, తన సంపాదన దానికి పోసింది. విచిత్రం ఏమిటంటే, ఆమె కట్టించిన చోట జరిగే ఆరాధనలో పాడటానికి ఆడవాళ్లకు అప్పట్లో చోటివ్వలేదు. దాని కోసం కూడా ఆమె పోరాడింది. త్యాగరాజ కీర్తనలు జనం నోట ఉన్నా సమాధికి ఒక మనిషి పూనుకోవలసి వచ్చింది. రోజెట్టా పాటలు రికార్డుల్లో ఉన్నా పేరు నిలబెట్టడానికి ఒక ఆచార్యురాలు పూనుకోవలసి వచ్చింది. పాట తనంతట తాను బతకవచ్చు. పాడినవాళ్ల పేరు మాత్రం ఎవరో ఒకరు రాస్తేనే బతుకుతుంది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. ఒక కొస వాల్తేరు దాకా పోయిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వెంట ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఈ వైపు వచ్చాయి. పట్టాలు వేసినవాళ్లు, ఇంజన్లకు బొగ్గు కొట్టినవాళ్లు, గ్యాంగుల్లో సుత్తి పట్టినవాళ్లు, సాయంత్రం పూట క్వార్టర్ల ముందు భజన కట్టినవాళ్లు, పండక్కి హార్మోనియం తీసి నాటకం ఆడినవాళ్లు వాళ్లలో ఉన్నారు. రికార్డు ఆఫీసుల్లో వాళ్ల ఉద్యోగం నంబరు ఉండవచ్చు, పాడిన పాట ఉండదు. మా లాంటి బదిలీవాళ్లం ఈ ఊళ్లో రెండు మూడేళ్లు ఉండి కదిలిపోతాం, మాకు అన్నీ తెలియవు. తెలిసిన పెద్దలు మీ ఇళ్లలోనే ఉన్నారు.

కాబట్టి ఈ సెలవుల్లో తెలుగు పిల్లలకు ఒక పని. మీ తాతయ్యనో, మామ్మనో, పక్క క్వార్టరులోని పెద్దాయననో అడగండి. మన కాలనీలో భజనకు ముందు గొంతు ఎవరిది, డోలక్ ఎవరిది, నాటకంలో ఆడవేషం వేసింది ఎవరు, ఇంట్లో కూర్చుని పెళ్లి పాటలన్నీ కంఠతా చెప్పిన అమ్మమ్మ ఎవరు. పేరు, సొంత ఊరు, ఏ సంవత్సరంలో ఇక్కడికి వచ్చారు, ఏ పాటంటే ఇష్టం, ఇంతే రాసి తీసుకురండి. ఒక్క పేజీ చాలు, అక్షర దోషాలు ఉంటే మేము దిద్దుతాం. వచ్చే సంచికలో ఈ తెలుగు పేజీలు వాళ్ల పేర్లకే కేటాయిద్దాం.